పార్కు చెరువు దగ్గరికి ఎప్పుడు వెళ్లాలి? ఎక్కడ కూర్చుంటే బాగా కనిపిస్తుంది?

గట్టుమీదకుర్చీ | శనివారం, రాత్రి 9:20

అందరికీ నమస్కారం. చాలాకాలంగా ఇక్కడ చదువుతూనే ఉన్నాను, రాయడం ఇదే మొదటిసారి.

మా నాన్నగారికి 74 ఏళ్లు. ఐదు నెలల క్రితం పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పట్టు తప్పాయి. మాట దాదాపు పోయింది. మనం చెప్పేది అర్థమవుతుంది, తిరిగి చెప్పలేరు. రోజూ కాసేపు బయట తిప్పమన్నారు డాక్టరుగారు. ఇంటికి దగ్గర్లో ఒక పార్కు, అందులో ఓ మోస్తరు చెరువు ఉన్నాయి. సాయంత్రం ఆరింటికి వీల్‌చైర్‌లో తీసుకెళ్లి చుట్టూ రెండు రౌండ్లు తిప్పి తెస్తున్నాను. జనం, మైకు, పిల్లల కేకలు. నాన్న తల వంచుకుని కూర్చుంటారు. నాకైనా అక్కడ కనిపించేది ఏముంది, పచ్చటి నీళ్లు, ఒడ్డున నాలుగు ప్లాస్టిక్ సీసాలు.

ఆరోగ్యంగా ఉన్నప్పుడు నీళ్లు కనిపిస్తే చాలు, అక్కడే కూలబడిపోయే మనిషి ఆయన. ఆ చెరువు దగ్గర ఆయన కళ్లు ఒక్కసారి పైకి లేస్తే చాలనిపిస్తోంది. ఏ వేళకు వెళ్లాలి, ఎక్కడ ఆగాలి, ఏం చూపించాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

తెల్లారితూనీగ | ఆదివారం, ఉదయం 5:48

నేను ఇప్పుడు బయల్దేరబోతున్నది అలాంటి చెరువు దగ్గరికే కాబట్టి ముందు మీకు రాసి వెళ్తాను.

వేళ మార్చండి. సూర్యోదయం అయిన తర్వాతి మొదటి గంటను మించింది లేదు. రాత్రంతా ఆకలితో ఉన్న పక్షులు మేతకు దిగుతాయి, గాలి ఉండదు, నీళ్లు అద్దంలా ఉంటాయి. సాయంత్రమే కుదిరేటట్టయితే జనం వెళ్లిపోయే చివరి అరగంట.

రెండోది, చుట్టూ తిప్పడం మానేయండి. నడిచే మనిషికి చెరువు ఏమీ చూపించదు. మీరు వచ్చిన అలికిడికే ఒడ్డున ఉన్నవన్నీ అవతలికి జరుగుతాయి. ఒకచోట కుర్చీ ఆపి కదలకుండా ఉంటే పది, పదిహేను నిమిషాల్లో ఒక్కొక్కటీ తిరిగొస్తాయి. చాలామంది సరిగ్గా ఎనిమిదో నిమిషానికి లేచి వెళ్లిపోతారు, నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

ఎక్కడ ఆగాలంటే, సూర్యుడు మీ వీపు వెనక ఉండాలి. ఎదురుగా ఉంటే నీళ్ల తళుకు తప్ప ఏమీ కనిపించదు, పక్షులన్నీ నల్లటి నీడల్లా ఉంటాయి. రెల్లు గాని, జమ్ము గాని పెరిగిన మూల ఉంటే దానికి ఎదురుగా. నీళ్లలోంచి పైకి లేచిన ఎండుకొమ్మ ఒక్కటి ఉన్నా అది బంగారం. లకుముకి పిట్టకు అదే మంచె, నీటికాకికి అదే ఆరేసుకునే తీగ. నీటికాకి రెక్కలు రెండూ చాపి నిలబడటం మీరు చూసే ఉంటారు. దాని ఈకలు బాతు ఈకల్లా నీళ్లను విదిలించుకోలేవు, తడుస్తాయి. ఆ తడి బరువే దాన్ని సులువుగా మునగనిస్తుంది. పని అయ్యాక ఎండకు ఆరబెట్టుకోవాలి మరి.

రేవుమెట్టు | ఆదివారం, ఉదయం 7:02

మా అత్తగారిని మూడేళ్లు వీల్‌చైర్‌లో తిప్పాను. పిట్టల సంగతి వాళ్లు చెప్తారు, కుర్చీ సంగతి నేను చెప్తాను తమ్ముడూ.

చెరువు చుట్టూ దారి చాలాచోట్ల కొద్దిగా నీళ్లవైపు వాలుగా ఉంటుంది, వాననీరు జారడానికి. నడిచేవాళ్లకు తెలియదు, చక్రాలకు తెలుస్తుంది. కుర్చీని నీళ్లకు ఎదురుగా పెట్టకండి, గట్టుకు సమాంతరంగా పెట్టి రెండు బ్రేకులూ వేయండి. తల తిప్పి చూస్తారు, పర్వాలేదు. నాచు పట్టిన అంచుకు రెండు గజాల దూరం. పొద్దున్నే అయితే కాళ్లమీద దుప్పటి, నీటి పక్కన చలి ఎక్కువ. ముందు మీరొక్కరే వెళ్లి గేటు ఏ టైంకి తీస్తారో, మరుగుదొడ్డి తలుపు కుర్చీ పట్టేంత వెడల్పుందో చూసి రండి.

నీళ్లపని | ఆదివారం, ఉదయం 10:37

పచ్చటి నీళ్లు అని రాశారు. అక్కడ ఆగిపోయాను, ఎందుకంటే నా ఉద్యోగమంతా ఆ పచ్చదనంతోనే గడిచింది. పార్కుల్లో, తోటల్లో నీటి గుంటలు చూసుకునే పని 19 ఏళ్లు చేశాను.

లేత పచ్చ, టీ రంగు, మట్టి రంగు, ఇవేవీ దానికవే చెడ్డవి కావు. ఆరోగ్యంగా ఉన్న చెరువుకు కొద్దిగా రంగు ఉంటుంది. నీళ్లలో సూక్ష్మమైన నాచు ఉంటేనే దాన్ని తినే పురుగులు, వాటిని తినే చేపలు, వాటికోసం పిట్టలు. తేడా ఎక్కడంటే, ఆ పచ్చ ఎంత చిక్కగా ఉంది అన్నది. దాన్ని కొలవడానికి 1865లో ఆంజెలో సెక్కీ అనే ఇటలీ ఖగోళ శాస్త్రవేత్త వాడిన ఉపాయాన్నే మేమూ వాడేవాళ్లం. తాడు కట్టిన గుండ్రటి పళ్లేన్ని నీళ్లలోకి దించుతూ, అది ఎంత లోతులో కంటికి కనిపించకుండా పోతుందో చూడటం. సముద్రంలో ఆయన వాడింది తెల్లటి పళ్లెం, చెరువుల్లో మేం వాడింది నలుపు తెలుపు ముక్కలుగా రంగు వేసింది, అడ్డంగా 20 సెంటీమీటర్లు. జానెడు లోతులోనే మాయమైతే ఆ చెరువు ఇబ్బందిలో ఉన్నట్టు.

ఇక పొద్దున్నే వెళ్లబోతున్నారు కాబట్టి ఒక సంగతి ముందే చెప్పాలి. చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరుచుకుని ఉండటం కనిపించవచ్చు. జనం దాన్ని చూసి చేపలు ఆడుకుంటున్నాయనో, ఆకలేసిందనో అనుకుంటారు. అవి ఊపిరి కోసం తన్నుకుంటున్నాయి. పగలు నాచు, మొక్కలు ఎండలో ప్రాణవాయువు వదులుతాయి. రాత్రి ఆ పని ఆగిపోతుంది గాని ఊపిరి పీల్చుకోవడం ఆగదు. నాచు, చేపలు, అడుగున కుళ్లే ఆకులు అన్నీ కలిసి రాత్రంతా వాడుకుంటూ పోతే తెల్లవారే ముందు నిల్వ అట్టడుగుకు వస్తుంది. నీళ్లు వేడెక్కితే ఇంకా కష్టం. 20 డిగ్రీల నీటిలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పడుతుంది, 30 డిగ్రీలకు అది ఏడున్నర అవుతుంది. ఎండాకాలం మబ్బు పట్టి, గాలి ఆగిన రోజు మర్నాడు పొద్దున పెద్ద చేపలు ముందు పోతాయి.

కాబట్టి అలా కనిపిస్తే అక్కడి సిబ్బందికి వెంటనే చెప్పండి. ఫౌంటెన్ గాని, గాలి పంపు గాని ఉంటే ఆ గంటలోనే వేయాలి. ఫౌంటెన్లను సాయంత్రం జనం ఉన్నప్పుడు వేసి, రాత్రి కట్టేసి వెళ్తారు. చెరువుకు అవసరమైంది సరిగ్గా కట్టేసిన ఆ వేళలోనే. ఈ మాట నేను పనిచేసిన ప్రతిచోటా చెప్పాను, రెండు చోట్ల మాత్రమే విన్నారు.

గట్టుమీదకుర్చీ | సోమవారం, రాత్రి 8:15

మీరందరూ ఇంత వివరంగా రాస్తారనుకోలేదు. ఇవాళ ఒక్కడినే వెళ్లొచ్చాను. గేటు ఐదున్నరకే తీస్తున్నారు. రేవుమెట్టు అక్కా, మీరు చెప్పిన వాలు నిజంగానే ఉంది, నాలుగు నెలల నుంచి తోస్తున్నా గమనించలేదు.

జమ్ము ఉన్న మూల దొరికింది, ఎండుకొమ్మ కూడా ఉంది. కానీ ఇంకో మూల, గాలి నెట్టుకొచ్చే వైపు, నీటిమీద పచ్చ పెయింటు ఒలికినట్టు ఒక తెర. అంచున నీలిరంగు చార. పచ్చి వాసన. ఇది ఏంటండీ? నాన్నను అటు తీసుకెళ్లొచ్చా?

నీళ్లపని | సోమవారం, రాత్రి 9:40

అటు వద్దు. మీరు రాసిన గుర్తులను బట్టి అది నీలి ఆకుపచ్చ నాచు. పేరుకు నాచు గాని నిజానికి ఒక రకం బ్యాక్టీరియా. కొన్ని రకాలు కాలేయాన్ని, నరాలను దెబ్బతీసే విషాలు చేస్తాయి. దాన్ని తాగి, ఒంటికి అంటినది నాక్కుని కుక్కలు చనిపోయిన సంఘటనలు చాలా దేశాల్లో ఉన్నాయి.

చిన్న పరీక్ష ఒకటి. పొడవాటి పుల్ల ముంచి తీయండి. జుట్టులా, దారాల్లా వేలాడితే మామూలు నాచు. పుల్లకు పెయింటు అంటినట్టు ఉంటే ఇదే. కచ్చితంగా తేలేది ల్యాబులోనే, కానీ చెయ్యి పెట్టకుండా ఉండటానికి ఈ పుల్ల చాలు.

ఎందుకొస్తుందంటే ముఖ్యంగా భాస్వరం. 1973లో కెనడాలోని ఒంటారియోలో ఒక చిన్న సరస్సును నడుం దగ్గర తెరతో రెండుగా విడదీశారు. రెండు వైపులా కార్బన్, నత్రజని కలిపారు. ఒకవైపు మాత్రం భాస్వరం కూడా వేశారు. ఆ ఒక్కవైపే పచ్చగా మారిపోయింది. పైనుంచి తీసిన ఆ ఫొటోతో సబ్బుల్లో భాస్వరం తగ్గించాలన్న వాదనకు మరింత బలం వచ్చింది. పార్కు చెరువుల్లోకి అది పచ్చికకు వేసే ఎరువు నుంచి, మురుగు నుంచి, రాలిన ఆకుల నుంచి, మనం వేసే మేత నుంచి వస్తుంది.

బాతులనేస్తం | మంగళవారం, ఉదయం 6:30

చివరి మాట నన్ను కొద్దిగా బాధపెట్టింది. ఎనిమిదేళ్లుగా మా మనవరాలితో వెళ్లి బాతులకు బ్రెడ్ వేస్తున్నాను. నేను రాగానే అవి గుర్తుపట్టి బారులు తీరి వస్తాయి. ఆ పిల్లకు జంతువులంటే ఇష్టం అలాగే పుట్టింది. మేం నాలుగు ముక్కలు వేసినందుకు చెరువు పాడైపోతుందా?

తెల్లారితూనీగ | మంగళవారం, ఉదయం 8:11

బాతులనేస్తం గారూ, మీ మనసు అర్థమవుతోంది. మీరొక్కరే వేస్తే ఏమీ కాదు. కానీ ఆదివారం ఒక గంట లెక్కపెట్టాను, మా చెరువు దగ్గర 31 మంది వేశారు. బాతులు తినగలిగింది తిన్నాయి, మిగిలింది ఉబ్బి, మునిగి, అడుగున కుళ్లింది. రాత్రి ఆ గట్టుమీద ఎలుకలు తిరగడం నా కళ్లతో చూశాను. కుళ్లిన అడుగు, వేడి నీళ్లు, గాలి ఆడకపోవడం, ఈ మూడూ కలిసినచోట పక్షులకు బాటులిజం అనే జబ్బు వస్తుంది. మెడ నిలబెట్టలేక బాతులు నీళ్లలో తల వాల్చి మునిగిపోతాయి. చచ్చిన పక్షిలోని పురుగులను ఇంకో పక్షి తింటే దానికీ వస్తుంది. ఒకసారి చూశాను, మళ్లీ చూడకూడదనుకుంటున్నాను.

బ్రెడ్‌తో బాతు కడుపు నిండుతుంది గాని బలం రాదు. పెరిగే పిల్లలకు అదే మేత అయితే మరీ నష్టం. ఆ పార్కులో మేత వేయడానికి ఒప్పుకుంటే గుప్పెడు వడ్లో, గోధుమలో, సన్నగా తరిగిన ఆకుకూరో వేయండి, అవి తిన్నంతవరకే, నీళ్లలో మిగలకుండా. వద్దని బోర్డు ఉంటే పాపకు బైనాక్యులర్ ఒకటి ఇవ్వండి. బాతు తలకిందులై తోక పైకెత్తి తనంతట తాను ఏం తింటుందో వెతకమనండి. తూనీగ తోకను నీళ్లకు టపటపా తాకిస్తే అది గుడ్లు పెట్టడం అని చెప్పండి. వాటిలోంచి వచ్చే పిల్లలు నీళ్లలోనే ఉంటాయి, కింది పెదవిని చెయ్యిలా చాచి దోమపిల్లలను పట్టుకుంటాయి. పిల్లలకు ఇది చాలా నచ్చుతుంది.

బాతులనేస్తం | మంగళవారం, రాత్రి 7:55

జబ్బు సంగతి నాకెవరూ చెప్పలేదు. మా చెరువులో కిందటి ఎండాకాలం నాలుగు బాతులు అలాగే తల వాల్చి ఉండటం చూశాం, ఎవరో కొట్టారనుకున్నాం. బ్రెడ్ ఈ రోజుతో ఆపేశాను. మనవరాలికి ఎలా చెప్పాలో ఆలోచిస్తున్నాను.

తామరరేకు | బుధవారం, మధ్యాహ్నం 1:18

పిట్టల గొడవలో పువ్వులను మర్చిపోయారు. గట్టుమీదకుర్చీ గారూ, మీ చెరువులో తామరగాని, కలువగాని ఉన్నాయా? కదల్లేని మనిషికి అవి మంచి తోడు, ఎగిరిపోవు కదా.

చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు. చూడగానే తెలుసుకునే గుర్తు ఆకే. కలువాకు నీటిమీద పరుచుకుని ఉంటుంది, కాడ దగ్గరి వరకు ఒక చీలిక ఉంటుంది. తామరాకు గుండ్రంగా, చీలిక లేకుండా ఉంటుంది, ముదిరినవి నీటికి పైన గొడుగులా లేచి నిలబడతాయి. చుట్టరికం చూస్తే తామరకు కలువ కంటే చినార్ చెట్టే దగ్గర బంధువు.

తామరాకు మీద నీటిబొట్టు నిలవదని సామెత చెప్పడమే గాని దగ్గరగా చూసినవాళ్లు తక్కువ. ఒక పుల్లతో నాలుగు చుక్కలు ఆకుమీద వేయండి. పాదరసం ముద్దల్లా దొర్లుతూ, దారిలో ఉన్న దుమ్మును ఎత్తుకుంటూ మధ్య గుంటలోకి జారతాయి. కిందికి వంచితే ఒక్క చుక్క మిగలకుండా పోతాయి, ఆకు పొడిగానే ఉంటుంది. కంటికి కనిపించని బొడిపెలు, వాటిమీద మైనం లాంటి పూత ఆ పని చేస్తాయి.

పువ్వు సంగతి ఇంకా వింత. తామర తనను తాను వెచ్చబెట్టుకుంటుంది. బయట చలి 10 డిగ్రీలకు పడినా పువ్వు లోపల 30కి పైనే ఉంచుకోగలదు, పురుగులకు రాత్రి బస దొరుకుతుంది, దానికి పరాగసంపర్కం జరుగుతుంది. చలి పొద్దున వేలు పెట్టి చూశాను నేను. లోపల గోరువెచ్చగా తగిలింది, వెంటనే చెయ్యి తీసేశాను, నిద్రపోతున్నవాళ్లను ముట్టుకున్నట్టనిపించింది.

పెద్ద తోటల్లో అమెజాన్ కలువ పెంచుతారు, చుట్టూ అంచు పైకి లేచిన పళ్లెం లాంటి ఆకు, మూడు మీటర్ల వరకు పెరుగుతుంది. మొదటి రాత్రి తెల్లగా పూచి, రెండో రాత్రికి గులాబీ రంగుకు మారుతుంది. 1849లో ఇంగ్లండులోని చాట్స్‌వర్త్‌లో జోసెఫ్ పాక్స్‌టన్ అనే తోటమాలి దాన్ని పూయించాడు, తన చిన్న కూతుర్ని ఆకుమీద నిలబెట్టి చూపించాడు. 1851లో లండన్‌లో కట్టిన క్రిస్టల్ ప్యాలెస్ అనే పెద్ద గాజు భవనానికి రూపకల్పన చేసిందీ ఆయనే. ఆకు అడుగున ఈనెలు అల్లుకున్న తీరు ఆయనకు దారి చూపింది. ఎక్కడైనా బొటానికల్ గార్డెన్‌కు వెళ్తే ఆకు పైభాగం కాదు, కిందిభాగం చూపించమని అడగండి.

గుర్రపుడెక్కను చూసి మాత్రం మురిసిపోకండి. ఊదారంగు పువ్వు అందంగా ఉంటుంది, నిజమే. రెండు వారాల్లో రెట్టింపవుతుంది. నీళ్లను మూసేసి కిందికి వెలుగు, గాలి అందకుండా చేస్తుంది.

కొలనుబాటసారి | బుధవారం, రాత్రి 10:05

ఏ నగరానికి వెళ్లినా పార్కులో నీళ్ల దగ్గరికి వెళ్లడం నా అలవాటు, మ్యూజియం కూడా తర్వాతే. ఒక విషయం గమనించాను. మనం సహజం అనుకునే పార్కు చెరువుల్లో చాలా వరకు మనుషులు చేసినవే. లండన్ హైడ్ పార్కులో సర్పెంటైన్ 1730లో కరొలైన్ రాణి వెస్ట్‌బోర్న్ అనే చిన్న ఏటికి అడ్డుకట్ట వేయించి చేయించింది. న్యూయార్క్ సెంట్రల్ పార్కులోని సరస్సు ఒక బురదనేలను తవ్వి చేసింది. అంత పాతబడ్డాక ఎవరికీ ఆ సంగతి గుర్తుండదు, పక్షులకు అసలే పట్టదు.

నాకు బాగా నచ్చింది టోక్యోలో ఉయెనో పార్కులోని షినొబజు కొలను. దాన్ని మూడు భాగాలు చేశారు. ఒకటి తామరలకు, ఒకటి పడవలకు, ఒకటి నీటికాకులకు. పడవ తొక్కాలనుకునేవాళ్లు ఒకవైపు, చప్పుడు పడనివి ఇంకోవైపు. మిగతా నగరాలవాళ్లు ఇది చూసి నేర్చుకోవాలని మనస్ఫూర్తిగా అనుకుంటాను. లండన్‌లోనే సెయింట్ జేమ్స్ పార్కులో గూడబాతులు (పెలికన్లు) ఉన్నాయి, 1664లో రష్యా రాయబారి రాజుకు కానుకగా ఇచ్చినప్పటి నుంచి ఆ చెరువు గూడబాతులు లేకుండా ఉండటం అరుదు.

చదునుగట్టు | గురువారం, ఉదయం 9:12

ఒక భిన్నాభిప్రాయం. అందరూ జమ్ము, బురద, రెల్లు అంటున్నారు. పిల్లలతో వచ్చేవాళ్లకు, పెద్దవాళ్లకు రాతికట్టు ఉన్న చెరువే నయం. అంచు ఎక్కడో స్పష్టంగా తెలుస్తుంది, పాములు ఉండవు, చక్రాలు దిగబడవు. పిల్లవాడు నీళ్లలో పడటం అరుపులతో జరగదండీ, నిశ్శబ్దంగా జరుగుతుంది. ఆ భయం అనుభవించినవాడిని, అందుకే చెప్తున్నాను.

తెల్లారితూనీగ | గురువారం, ఉదయం 9:50

భయం నిజం. కానీ నిలువుగా కట్టిన గోడ పడినవాళ్లను పైకి రానివ్వదు కూడా. రెండేళ్ల క్రితం మిట్టమధ్యాహ్నం ఒక పార్కులో ఐదు బాతుపిల్లలు గోడ పక్కన గుండ్రంగా తిరుగుతున్నాయి. తల్లి పైన నిలబడి అరుస్తోంది. అది ఎగిరి ఎక్కింది, వాటికింకా రెక్కలు రాలేదు. ఎక్కడా ఎక్కడానికి అంగుళం అంచు లేదు. తోటమాలి ఒకాయన వచ్చి చూసి, ఏమీ మాట్లాడకుండా వెళ్లి ఒక చెక్కపలక తెచ్చాడు. దానికి గోనెసంచి చుట్టి, ఒక చివర నీళ్లలో, ఇంకో చివర గట్టుమీద పెట్టాడు. మేమిద్దరం దూరంగా జరిగాం. మొదటిది ఎక్కడానికి ఇరవై నిమిషాలు పట్టింది. తర్వాత నాలుగూ దాని వెనకే. ఆ పలక ఇప్పటికీ అక్కడే ఉంది.

నీళ్లపని | గురువారం, మధ్యాహ్నం 12:30

ఇద్దరూ చెప్పింది నిజమే, రెండూ ఒకే చెరువులో ఉండొచ్చు. జనం నిలబడేచోట గట్టి నేల, నడుమెత్తు కంచె. మిగతా మూడు వైపులా మెల్లగా దిగే వాలు, అంచున మోకాలి లోతు దాటని నీళ్లు, మొక్కలు. ఆ మొక్కల వరసే పచ్చికలోంచి వచ్చే ఎరువును కొంత పట్టి ఆపుతుంది, పసివాణ్ణి నీళ్లకు దూరంగానూ ఉంచుతుంది. పడవ రేవు గట్టిగా, పిట్టల మూల మెత్తగా.

దిద్దుకున్నతప్పు | గురువారం, రాత్రి 11:26

ఎప్పటినుంచో చెప్పాలనుకుంటున్నాను. చదువుకునే రోజుల్లో రూపాయి బిళ్లంత తాబేలును కొన్నాను. కళ్ల వెనక ఎర్రటి చార ఉండేది, అక్వేరియంలో పెంచాను. మూడేళ్లకు అది పళ్లెమంత అయింది. ఊరు మారాల్సివచ్చి పార్కు చెరువులో వదిలేశాను. స్వేచ్ఛ ఇచ్చానని ఆరోజు చాలా తృప్తిగా అనిపించింది. నాలాగా వదిలినవాళ్లు ఎంతమందో. ఇప్పుడు ఆ చెరువులో ఎండ కాసుకునే దుంగమీద అన్నీ ఎర్రచార తాబేళ్లే, అక్కడ మొదట ఉండే రకం ఒక్కటీ కనిపించదు. అవి అమెరికా సంయుక్త రాష్ట్రాల దక్షిణ భాగపు, మిసిసిపీ నది పరివాహకపు జాతి అని, ప్రపంచంలో అత్యంత హానికర 100 చొరబాటు జాతుల్లో ఒకటని, 1997లోనే యూరోపియన్ యూనియన్ వాటి దిగుమతి ఆపేసిందని చాలా ఆలస్యంగా తెలిసింది. ముప్పై ఏళ్లు బతుకుతాయి. నేను వదిలింది కూడా బహుశా అక్కడే ఉంది.

ఇంట్లో పెంచిన చేప, తాబేలు, అక్వేరియం మొక్క, ఏదైనా సరే చెరువులో వదలకండి. పెంచుకునేవాళ్లను వెతికి ఇవ్వండి.

మాటలబడి | శుక్రవారం, ఉదయం 6:44

ఈ చర్చ నిన్ననే చూశాను. పక్షవాతం తర్వాత మాట పోయినవాళ్లకు మాటలు నేర్పే పని నాది. గట్టుమీదకుర్చీ గారూ, మీ నాన్నగారిని చూడకుండా వైద్యం చెప్పను, అది మీ థెరపిస్టు పని. ఒక్క మాట మాత్రం. మాట పోయినవాళ్లలో కూడా చాలామందికి వరసలు మిగిలి ఉంటాయి. ఒకటి రెండు మూడు, వారాల పేర్లు, వచ్చిన పద్యం. "నీళ్లు" అని అడగలేని మనిషి ఇరవై దాకా లెక్కపెట్టగలగడం చూశాను.

మీ చెరువులో మునిగి లేచే పిట్ట ఏదైనా ఉందా? అది మునగగానే మీరు పైకి లెక్కపెట్టండి. ఆయన్ని అడగొద్దు, "అనండి నాన్నా" అని ఒత్తిడి చేయొద్దు. మీరు లెక్కపెట్టుకుంటూ ఉండండి, అంతే.

తెల్లారితూనీగ | శుక్రవారం, ఉదయం 7:20

దీనికి బుడబుంగను మించింది లేదు. పిడికిలి కంటే కొద్దిగా పెద్దది, గోధుమరంగు, తోక లేనట్టు ఉంటుంది, ముక్కు మొదట్లో పసుపు మచ్చ. నీళ్లమీద బెండులా తేలుతూ తేలుతూ ఉన్నట్టుండి మాయమవుతుంది. పది నుంచి పాతిక సెకన్లు లోపలే ఉంటుంది. ఎక్కడ తేలుతుందో ముందుగా చెప్పలేం, వెతకాల్సిందే, అదే అందులో సంతోషం. నల్లగా ఉండి నుదుటి మీద తెల్లటి పట్టీ ఉంటే బొల్లికోడి, అది కూడా మునుగుతుంది గాని తొందరగా పైకొస్తుంది.

గట్టుమీదకుర్చీ | పదిహేను రోజుల తర్వాత, ఆదివారం, ఉదయం 9:03

ఇన్నాళ్లు రాయలేదు, ఏం జరుగుతుందో చూసి రాద్దామని.

ముందు పచ్చ తెర సంగతి. ఆఫీసులో చెప్పాను, రెండోసారికి విన్నారు. ఆ మూలకు తాడు కట్టి బోర్డు పెట్టారు. రాత్రిపూట ఫౌంటెన్ నడపడం గురించి కాగితం రాసిచ్చాను, జవాబు ఇంకా రాలేదు.

మొదటి మూడు రోజులు నాన్న తల ఎత్తలేదు. జమ్ముకు ఎదురుగా, మీరు చెప్పినట్టు అడ్డంగా కుర్చీ పెట్టి, దుప్పటి కప్పి, పక్కన నేలమీద కూర్చునేవాణ్ణి. నాలుగో రోజు బుడబుంగ వచ్చింది. మునిగింది. నేను లెక్కపెట్టడం మొదలుపెట్టాను. తొమ్మిదో, పదో అంకె దగ్గర అది తేలింది. మళ్లీ మునిగింది, మళ్లీ లెక్కపెట్టాను. అలా ఒక అరగంట. నాన్న కళ్లు నీళ్లమీద ఉన్నాయి, అంతవరకే.

ఆరో రోజు అది మునిగినప్పుడు నాకు ఫోన్ వచ్చింది. జేబులోంచి తీసి ఆపేలోపు నా లెక్క తప్పింది. పక్కనుంచి "ఏడు" అని వినిపించింది. తర్వాత "ఎనిమిది". తర్వాతిది సరిగ్గా పలకలేదు. పిట్ట తేలింది. ఎడమచేత్తో అటు చూపించారు, నాకు కనిపించని వైపు.

ఇప్పుడు రోజూ ఆయనే లెక్కపెడుతున్నారు. మధ్యలో అంకెలు తప్పుతాయి, పన్నెండు తర్వాత పదిహేను వస్తుంది. నేను సరిచేయడం లేదు. థెరపిస్టుకు చెప్తే ఆవిడ కూడా ఒకరోజు మాతో వచ్చారు.

నిన్న జమ్ములోంచి ఆ పిట్ట మెల్లగా బయటికి వచ్చింది. వీపు ఎత్తుగా, ముద్దలా ఉంది. దెబ్బ తగిలిందేమో అనుకున్నాను. రెక్క పక్కనుంచి చారల చారల తలకాయలు మూడు బయటికి వచ్చాయి. ఇది మామూలేనా?

తెల్లారితూనీగ | ఆదివారం, ఉదయం 9:11

మామూలే! పిల్లలను వీపుమీద మోస్తుంది, మొదటి కొన్ని వారాలు. ఆ చారలు పెద్దయ్యాక పోతాయి. తల్లీ తండ్రీ ఇద్దరూ మోస్తారు, ఒకటి మోస్తుంటే ఒకటి మేత తెస్తుంది. గూడు జమ్ము మొదట్లో తేలుతూ ఉంటుంది, దయచేసి దగ్గరికి వెళ్లొద్దు, ఎవరినీ వెళ్లనివ్వొద్దు. మీరు రోజూ అక్కడే కదలకుండా ఉన్నారు కాబట్టే అది పిల్లలతో బయటికి వచ్చింది.

మాటలబడి | ఆదివారం, ఉదయం 10:30

మధ్యలో తప్పిన అంకెలు సరిచేయకపోవడం చాలా మంచిపని.

బాతులనేస్తం | ఆదివారం, మధ్యాహ్నం 12:02

మీ పోస్టు మనవరాలికి చదివి వినిపించాను. రేపట్నుంచి మేం కూడా లెక్కపెడతామంటోంది. మా చెరువులో రెండు బుడబుంగలు ఉన్నాయట, ఎనిమిదేళ్లలో నేనెప్పుడూ చూడలేదు. మీ నాన్నగారి పిట్ట ఎక్కువసేపు మునిగింది ఎంత?

గట్టుమీదకుర్చీ | ఆదివారం, రాత్రి 8:47

నాన్న లెక్కలో ఇరవై మూడు. నా గడియారంలో పందొమ్మిది. పాపకు ఇరవై మూడు అనే చెప్పండి.

రేపు పెద్దవాన అంటున్నారు. వాన వెలిసిన వెంటనే వెళ్లొచ్చా?

నీళ్లపని | ఆదివారం, రాత్రి 9:15

ఉరుములు ఆగి అరగంట అయ్యాక అయితే ఫర్వాలేదు, చెట్టు కింద మాత్రం ఆగొద్దు. దారి జారుతుంది, ఒక్కరే తోయకండి. కాలవ నీళ్లు వచ్చి కలిసేచోట రెండు రోజులు మురికిగా ఉంటుంది, అటు వద్దు. ఎల్లుండి తెల్లవారుజామున చేపలు పైకి వచ్చాయేమో చూసి, వస్తే ఫొటో తీసి ఇక్కడ రాయండి. ఆ ఫౌంటెన్ కాగితానికి ఆ ఫొటో జతచేద్దాం.